తెర అడుగున

గురువారం నాకు నైట్ డ్యూటీ లేదు.
ఆ రాత్రి కింది ఫ్లాట్ డొరీన్ వస్తుంది
మోకాళ్ళని తిట్టుకుంటూ, మెట్లని తిట్టుకుంటూ,
బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని.
హల్ ఊరు మొత్తానికి తెలుగు సినిమా చూసే
డెబ్బై ఎనిమిదేళ్ళ దొరసాని ఈవిడొక్కర్తే అయ్యుంటుంది.
నేను తెర చూస్తాను, ఆవిడ తెర అడుగు చూస్తుంది.
ఇద్దరం చూసేది ఒకే సినిమా కాదని
తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొన్న నాయిక కళ్ళు తుడుచుకుని
"ఇంక నేనేం చెప్పను? నువ్వే చెప్పు!" అంది.
కింద పసుపు అక్షరాల్లో: నువ్వొక పాత చెప్పువి.
(ఆ 'పాత' ఎక్కణ్ణించి వచ్చిందో!)
డొరీన్ బిస్కెట్ ముంచడం ఆపి
"బాగా గడ్డి పెట్టింది.
మా ఆడపడుచు మొగుణ్ణి ఈ మాట అనాల్సింది" అంది.
నా టీ సగం సోఫా తాగింది.

ఆ అక్షరాలు రాసే మహానుభావుడెవరో గాని
మందంటే ఆయనకి సీసానే.
డాక్టరు మంచాన పడ్డ ముసలమ్మకి
రోజుకి మూడుసార్లు, తిన్నాక, విస్కీ రాశాడు.
ఇంటర్వెల్ కల్లా ఆవిడ లేచి తిరిగింది కూడా.
"మీ వైద్యమే నయం" అంది డొరీన్,
పదకొండేళ్ళుగా ఇక్కడి ఆసుపత్రిలో
గ్లాసుల్లో మాత్రలు పంచే నాతో.

విలన్ "వాణ్ణి లేపెయ్యండ్రా" అన్నాడు.
కింద: అతన్ని నిద్ర లేపండి.
పదిమంది కత్తులు తీసుకుని బయల్దేరారు.
"అలారం కొనుక్కోవచ్చుగా, పాపం."

చివర్లో బస్టాండు. వాన.
నాయకుడు సంచీ భుజాన వేసుకుని
"వస్తాను" అని వెళ్ళిపోయాడు.
కింద: వస్తున్నాను.
"వస్తున్నానంటూ అటెక్కడికి?" అంది.

మాలో పోతానని అనకూడదండీ,
పోయాడంటే పోయినట్టే.
అందుకని వెళ్ళేవాడు వస్తానంటాడు.
ఫోన్ పెట్టేసేవాడు ఉంటానంటాడు.
చెబుతుంటే నాకే అనుమానమొచ్చింది,
ఇంత తిరకాసు మాటలతో
మేం ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చామా అని.

డొరీన్ నవ్వలేదు.
పేర్లు పడుతున్నాయి, కెమెరా, కుట్టుపని, భోజనాలు.
"హెజిల్ రోడ్డులో మేమూ అనేవాళ్ళం కాదు.
చేపల ఓడ కదిలే రోజు గుడ్‌బై అనకూడదు,
చెయ్యూపకూడదు, బట్టలు ఉతక్కూడదు.
మా రాన్ గుమ్మం దిగి
'తలుపెయ్యి, చలి' అనేవాడు.
ఆ ఫిబ్రవరిలోనూ అదే అన్నాడు.
నిజంగా చలేమోననుకుని వేసేశాను."

తర్వాత లేచింది.
ఒక్కో మెట్టూ దిగుతూ, మోకాళ్ళని తిడుతూ,
నాకు వినపడేలా ఇంగ్లీషులో
"వస్తున్నా, వస్తున్నా" అనుకుంటూ వెళ్ళింది.

డబ్బా మర్చిపోయింది.
అడుగున రెండు బిస్కెట్లున్నాయి.
మర్చిపోయిందనే అనుకుంటున్నాను.