మ్యాపు లేని ఆట

జగదాంబ సెంటర్లో, మెట్ల కింద కొట్లో
పగిలిన ఫోన్లకి అద్దాలు అతికిస్తాను.
గాలిబుడగ మిగలకుండా బొటనవేలితో నొక్కడం,
నా చదువుకి దొరికిన పని అది.
కరెంటు పోయిన మధ్యాహ్నాలు
బిల్లుబుక్కు వెనకవైపు ఆట గీస్తాను.

ఆట ఇదీ:
ఒక తెప్ప. తెల్లవారని సముద్రం.
తెరమీద మ్యాపుండదు, బాణం గుర్తుండదు,
ఇటు పద అని ఏ చుక్కా మెరవదు.
చినమావ ఎర్రయ్య చెప్పినట్టు
కైలాసగిరి భుజమ్మీద
సింహాచలం కొండ నెత్తి వచ్చి కూర్చోవాలి.
ఇటుపక్క లైట్‌హౌసు
హార్బరు క్రేను చెవికి పోగులా వేలాడాలి.
రెండూ కుదిరిన చోట లంగరు.
కింద రాతిపారు. పారులో కోనాం.
ఉంటే.

రుషికొండ మీద అద్దాల ఆఫీసు.
చెప్పులు విడవాలేమో అని గుమ్మంలో ఆగాను.
"శత్రువెవరు?" అన్నాడాయన.
"మంచు."
"గెలిస్తే ఏమొస్తుంది?"
"చేపలు. ఒక్కోసారి."
నవ్వాడు. చెడ్డవాడేం కాదు, టీ తెప్పించాడు.
"ఐడియాలు ఈ కొండ కింద ఇసకంత ఉన్నాయమ్మా.
ఆడించి చూపించు, అప్పుడు రా."
తిరుగు బస్సులో కిటికీ పక్కనే సముద్రం పరిగెత్తింది.
ఆయన అన్నది నిజమేనని
తెన్నేటి పార్కు దాటేదాకా ఒప్పుకోలేదు.

ఫోన్ల అట్టపెట్టెలు కోసి కొండలు చేశాను.
చింతగింజ తెప్ప.
బల్ల అంచుకి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి
కొండని కొండమీదికి ఎక్కించాలి.
పక్కకొట్టు జ్యూసు కుర్రాడు మూడుసార్లు ఆడి
బత్తాయిల బేరం పోగొట్టుకుని
ఇంకోసారి అన్నాడు.

కోడు రాసేది గాజువాక ఫర్జానా,
ఆదివారాలు, ఛార్జింగు ఉన్నంతసేపు.
"నీ సముద్రం బరువెక్కువే, పాత ఫోన్లు మొయ్యలేవు"
అని అలల్ని సగానికి కోసింది.
రెండ్రోజులు దానితో మాట్లాడలేదు.
మూడోరోజు చూస్తే
సగం అలలే సముద్రంలా ఉన్నాయి.
కొండని మాత్రం
ఒక్క గీత కూడా కోయనివ్వలేదు.

పదకొండు నెలలకి తెప్ప కదిలింది.
ఎడమకో బటను, కుడికో బటను, లంగరుకో బటను.
ఒక్కో బటను రంగుకి ఒక్కో పోట్లాట.

ఫిషింగ్ హార్బర్లో, వలల కుప్ప పక్కన
చినమావ చేతిలో పెట్టాం.
నీళ్ళు తొణుకుతాయన్నట్టు
ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు.
బటను నొక్కలేదు. నొక్కమన్నా నొక్కలేదు.
తెప్ప ఎడమకి తిరగాలంటే
తనే తిరిగాడు, మెడా భుజాలూ నడుమూ,
ఆ పైన కాళ్ళూ.
"ఏటే గుంటా, కొండ కూడా నాతోటే తిరిగెస్తన్నాదేటి?
కొండ కదుల్తాదా?"

ఫర్జానా నా వైపు చూసింది.
నేను వలల వైపు చూశాను.

ఆ రాత్రే బటన్లన్నీ తీసేశాం.
ఇప్పుడు తెప్ప తిరగాలంటే మనిషి తిరగాలి.
బస్సులో ఆడితే పక్కవాళ్ళకి మోచెయ్యి తగుల్తుంది,
ఆ తప్పు మాదే.

రెండోసారి చినమావ గిర్రున తిరిగి, ఆగి,
"కొండ బాగానే ఉన్నాది గానీ
ఇప్పుడది ఆపడదే. ఎదర బిల్డింగులు లెగిసిపోనాయి.
ఆ పైనుండే ఎర్రలైటే సూసుకుంటన్నాం" అన్నాడు.
ఇంకో నెల. ఫర్జానా తల పట్టుకుంది.
సరిగ్గా నా కొండకి అడ్డంగా
నా చేత్తోనే పన్నెండంతస్తులు కట్టాను.

మళ్ళీ రుషికొండ. ఈసారి చెప్పుల సంగతి తట్టలేదు.
ఆయన తిరిగే కుర్చీలో ఒక చుట్టు తిరిగాడు.
మంచు. ఇంకో చుట్టు.
కాలితో నేలని తన్ని, ఆగి, వెనక్కి.
టీ మీద మీగడ కట్టింది.
అద్దం అవతల అసలు సముద్రం ఎండలో ఉంది,
అటు చూడలేదు.
"కొండేదమ్మా?" అన్నాడు
తెరమీంచి కన్ను తియ్యకుండా.

నేను చెప్పలేదు.