వేలం ప్లాట్‌ఫారం మనిషి కారు చూడబోతే

ఇరవయ్యేళ్లుగా పొగాకు బేళ్ల మధ్య నడుస్తున్నాను.
లోపలికంటా చెయ్యి దూర్చి ఒక ఆకు లాగి
రెండు వేళ్ల సందున నలిపితే చాలు,
బ్యారన్‌లో మంట ఎక్కువైందో
తూకం కోసం రాత్రి నీళ్లు చల్లారో
ఆకే చెప్పేస్తుంది.

ఇవాళ కందుకూరు పామూరు రోడ్డులో
మూడు చిన్న కార్ల ముందు నిలబడి
యాడ చెయ్యి దూర్చాలో తెలీడం లేదు.

రెండు లక్షల పదివేలు.
ఆపైన రూపాయి లేదని
స్కూటీ మీద వస్తున్నప్పుడే నా వీపు మీద
వేలితో అంకె వేసి చూపించింది కోటేశ్వరి.

తెల్ల ఆల్టో
చక్రాలు తొడిగిన టిఫిన్ క్యారియర్.
ఎక్కితే మోకాళ్లు గడ్డాన్ని పలకరించాయి.
లీటరుకి ఇరవై రెండన్నాడు బ్రోకరు ఖాజా.
కొండముడుసుపాలెం గేదెలు అడ్డమొచ్చిన రోజు
ఎంతిస్తదబ్బాయ్ అన్నాను.

వెండిరంగు వేగనార్ పొడగరి.
మా మామ శేషాద్రయ్య తలగుడ్డ తియ్యకుండా కూర్చోగలడు,
వెనక రెండు ఎరువు బస్తాలు పడతాయి.
కానీ డోరు వేస్తే
ఖాళీ కుండ మోగినట్టు మోగింది.
పదమూడేళ్ల బండి గదా, అన్నాడు ఖాజా,
దాని తరఫున తనే సిగ్గుపడుతూ.

ఎర్ర శాంత్రోకి మాత్రం పెళ్లికళ.
కొత్త మ్యాట్లు, అద్దానికి పూసల దండ, మల్లె సెంటు.
ఏసీ వెయ్యగానే
మే నెల అద్దాల అవతలే ఆగిపోయింది.
కోటేశ్వరి కళ్లు మూసుకుంది.

నా ముక్కు ఊరుకోలేదు.
సెంటు ఎవరికి అవసరమో తెలిసిన ముక్కు అది.
మ్యాటెత్తి, కింద కార్పెట్టు అంచు పీకి
అలవాటు కొద్దీ నలిపాను.
ఒండ్రు.
మెత్తగా, గోరు సందులోకి దిగేంత సన్నగా.
ఏ వానకాలమో, ఏ ఊళ్లోనో
సీట్లదాకా మునిగి లేచిన బండి.

"నీళ్లు చల్లిన బేలు" అన్నాను.
ఖాజా నవ్వాడు. నేనూ నవ్వాను.
ధర సంగతి ఎవరం ఎత్తలేదు.

తిరుగుదారిలో చాలాసేపటికి కోటేశ్వరి అంది:
"ఏసీ బాగుండింది."
"బాగుండింది."
కనిగిరి రోడ్డు మలుపు దగ్గర మళ్లీ:
"కుండ కొనేప్పుడు కొట్టి చూస్తాం గదా.
పలికేదాన్నే తెచ్చుకుంటాం.
బీట ఉన్నది మూగగా ఉంటది."

స్కూటీ ఆపాను.
వేగనార్‌కి వాడు చెప్పింది రెండు ఇరవై ఐదు,
ఇంకా పదిహేను వేలు కొట్టాలి,
ఎండ నెత్తి మీదుంది,
పెట్రోలు ముల్లు ఎప్పుడో ఎర్రగీత మీద పడుకుంది.

బండి వెనక్కి తిప్పాను.