చెమటకి మార్కులు లేవు

ఈ ఊళ్లో మే నెల పొద్దున్న, ఆరున్నరకే
ఊరికే నిలబడ్డవాడి చొక్కా కూడా తడిసిపోతుంది.
అంచేత చెమట చూసి నేను మోసపోను.
రైల్వే గ్రౌండు గోడ నీడన
పుస్తకం మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను.
ముప్పై నలుగురు వచ్చారు. కావలసింది పద్దెనిమిది మంది.

ఇరవై ఆరేళ్లు షిప్‌యార్డులో వెల్డింగు తనిఖీ చేసినవాణ్ని.
అతుకు పైకి చేప పొలుసుల్లా ఎంత వరసగా మెరిసినా
సుత్తితో ఓసారి తట్టి చెవి ఒగ్గాలి.
లోపల బోలుంటే ఇనుమే చెప్పేస్తుంది.
బంతీ అంతే.
పాదం లోపలి పక్కకి సరిగ్గా తగిలితే
డబ్బా మూత బిగిసినట్టు పొట్టి చప్పుడు.
బొటనవేలికి తగిలిందా, టప్పున అరుస్తుంది.
కళ్లు మూసుకుని చెప్పగలను
ఎవడికి ఎడం కాలు లేదో.

పనితనం గడి అలా నిండిపోతుంది.
పక్కనే కష్టం గడి. పెన్సిలు అక్కడే ఆగుతుంది.

జ్ఞానాపురం సిరిల్.
దూరం నుంచి ఎంత కోపంగా వచ్చిన బంతైనా
వాడి కాలి దగ్గర పిల్లిలా ముడుచుకుంటుంది.
అది చేజారిందంటే మాత్రం
నడుం మీద చేతులేసుకుని
యారాడ కొండ వైపు చూస్తాడు, ఓడేదో రావలసినట్టు.
రాశాను: పనితనం తొమ్మిది. బంతి పోయాక మనిషి లేడు.

పెదజాలరిపేట సూరాడ బండియ్య.
ఇసకలో నేర్చిన పరుగు, మోకాళ్లు ఛాతీ దాకా,
గట్టి నేల మీద కూడా అలలు దాటుతున్నట్టే.
ఎటు చూస్తే అటు వాడే.
"ఆడ్రా ఆటగాడంటే!" అంది గోడవతల టీ కొట్టు.
నేను లెక్కపెట్టాను. ఇరవై నిమిషాల్లో నలభై ఒక్క పరుగులు.
ఇరవై ఏడు, తన తప్పు తానే దిద్దుకోడానికి.
అది కష్టం కాదా? కష్టమే.
ముందే రెండడుగులు పక్కకి వేసుంటే
అక్కర్లేకపోయిన కష్టం.

మల్కాపురం ఎల్లాజీ నడుస్తాడు.
"బద్ధకిష్టి" అన్నాడు పక్కనున్న పీటీ మాస్టారు ఏసుపాదం.
నేనూ నాలుగు వేసేశాను.
అరగంటకి గాని వాడి మెడ నా కంటపడలేదు.
బంతి రాకముందే ఓసారి ఎడమకి, ఓసారి కుడికి,
కాన్వెంట్ జంక్షన్ దాటే ముసలమ్మలా.
బంతి వచ్చేసరికి అక్కడే ఉన్నాడు,
ఎప్పుడెళ్లాడో నేను చూడనే లేదు.
కష్టం కాళ్లలోనే ఉంటుందని ఎవడు చెప్పాడు నాకు?
నాలుగు కొట్టేశాను.
పక్కన ఏం రాయాలో తోచలేదు.

మా కోచ్ ముత్యాలు గారు పోయాక
వాళ్లమ్మాయి ఆయన డైరీ ఒకటి తెచ్చిచ్చింది.
పదహారేళ్ల నా పేరు ఎదురుగా
ఆకుపచ్చ సిరాతో ఒక్క ముక్క:
"పరిగెడతాడు. ఎందుకో వాడికి తెలీదు."
అయినా తీసుకున్నాడు నన్ను.
ఎందుకో అందులో రాయలేదు.

విజిలేశాను. అందరూ నీళ్ల డ్రమ్ము మీద పడ్డారు.
బండియ్య రొప్పుతూ వచ్చాడు. "మాస్టారూ, నేనెలాగాడేను?"
"ఎక్కువాడావురా."
పొగడ్తనుకుని నవ్వాడు.
మరి నేనన్నది ఏమిటో
నాకూ అంత గట్టిగా తెలీదు.

పదిహేడు పేర్లు రాసి ఉన్నాయి. పెన్సిలు ముక్కు మొండిబారింది.
గోల్ వెనక బంతొకటి కాలవలో పడింది.
ఎవరూ చెప్పకుండానే ఎల్లాజీ అటు నడిచాడు.
బండియ్య పరుగున వాణ్ని దాటేశాడు,
మోకాళ్లు ఛాతీ దాకా.
సిరిల్ కొండ వైపు నుంచి తల తిప్పాడు.
బురద బంతి గాల్లోకి లేచి వాడి వైపు వచ్చింది,
పాదం మీద ఆగింది.

ఆ చప్పుడు నాకు వినపడలేదు.
స్టేషన్లోకి గూడ్సు బండేదో వస్తోంది.