బటన్లుంటయా?

కోఠీల, గుజరాతీ గల్లీల
మా దుకాణం వెడల్పు నాలుగడుగులు.
షట్టర్ సగం లేపంగనే
మాకన్న ముందుగాల వార్త లోపలికి దూరింది:
కొత్తది వస్తున్నదట.

అగ్గిపెట్టె అంత ఉంటదట.
కాదు, అండ్ల సగమే అన్నడు జావీద్.
బొంబాయిల వాని బామ్మర్ది చూసిండట,
వస్తువును కాదు, డబ్బాను.
డబ్బాను గూడ కాదు, డబ్బా ఫొటోను.
వెయ్యి పాటలు పడుతయట.
పగటికి రెండు వేలైనయి.
చాయ్ తెచ్చిన పిల్లగాడు ఖాళీ కప్పులు ఏరుకొని పోయేలోపట
ఐదు వేలు.

"ఇన్ని పాటలు ఎవడింటడు బై?"
అన్నడు మా సేఠ్ జయంతిలాల్,
కంటికి భూతద్దం ఇరికించుకొని
ఒక వాక్‌మన్ కడుపుల వేలు పెట్టి.
వాక్‌మనే అప్పుడు మా అన్నం.
బెల్టు తెగితే ఇరవై,
హెడ్డు తుడిస్తే పది,
నమిలిన రీలును తెగకుంట గుంజి ఇయ్యాల్నంటే
గిరాకీ మొఖం చూసి చెప్పుడే.

సాయంత్రం కాలేజీ పోరగాండ్లు దిగిండ్రు.
తెల్లగ వస్తదని కొందరు, నల్లగ వస్తదని కొందరు
ఇంకా పుట్టని దాని రంగు కోసం
మా కౌంటర్ కాడ గల్లలు పట్టుకున్నరు.
ధర వినంగనే ఒకడు ఛీ కొట్టిండు,
నెల రోజులు నడవదు, రాసిస్త అన్నడు.
అందరికన్న ముందు కొన్నది వాడే,
అది వేరే ముచ్చట.
బ్యాటరీ విప్పరాదట, మూత మొత్తం అతికే ఉంటదట
అని ఎవరో అంటే
సేఠ్ చేతిల స్క్రూడ్రైవర్ ఆగింది.
ఎవ్వరు చూడలే. నేను చూసిన.

ఇంకో మాట అన్నడు జావీద్, గొంతు తగ్గించి:
బటన్లే ఉండయట.
అద్దం మీద వేలు రాస్తే పాట మారుతదట.
గిట్ల, అని రాసి చూపిచ్చిండు
మా షోకేసు అద్దం మీద.
దుమ్ముల ఒక గీత పడ్డది.
అందరం వంగి ఆ గీతనే చూసినం,
అండ్లకెల్లి పాట వస్తదన్నట్టు.

గప్పుడే మెట్టు మీద కర్ర రెండుసార్లు తట్టింది.
దామోదర్ సారు.
మలక్‌పేటల చూపు లేని పిల్లలకు హార్మోనియం నేర్పుతడు.
రబ్బరు బ్యాండు చుట్టిన వాక్‌మన్ జేబుల నుంచి తీసి
"ప్లే బటన్ ఊడి యాడనో పడ్డది సేఠ్,
అగ్గిపుల్లతోని పొడుస్తున్న" అన్నడు.
మా మాటలు మెట్ల కాడనే విన్నడేమో,
"బస్సుల గూడ అదే ముచ్చట.
ఒక్కటే అడుగుత.
బటన్లుంటయా?"

బామ్మర్ది ఫొటో, ఐదు వేల పాటలు, తెలుపూ నలుపూ
ఒక్కసారే సప్పుడు బంద్.
జావీద్ అద్దం మీది గీతను
మోచేత్తోని మెల్లగ తుడిచేసిండు.
"ఇనే సామాను గద,
చూసేటోళ్ళ కోసం చేస్తున్నరా ఏంది?"
నవ్వుకుంటనే అన్నడు సారు.

సేఠ్ ఏం మాట్లాడలే.
సొరుగుల వెతికిండు, డబ్బాల వెతికిండు,
ఆఖరికి తన అంగీ చేతి బటన్ పటుక్కున తెంపి
జిగురు బొట్టు పెట్టి
ప్లే కాడ అతికిచ్చిండు.
సారు బొటనవేలితోని తడిమిండు.
నాలుగు రంధ్రాలు లెక్కపెట్టిండు.
"ఇది మస్తుంది. చీకట్ల గూడ దొరుకుతది."
పైసలు ఇయ్యబోతే
గిరాకీ మొఖం చూసి చెప్పే మనిషి
ఆ దినం ఏం చెప్పలే.

ఆర్నెల్లకు కొత్తది వచ్చింది.
పాటలు నిజంగనే వెయ్యి.
పాట మస్తుగ వినపడ్డది, అబద్ధమెందుకు.
ఆపుడెట్లనో తెల్వక రాత్రంత ఇన్న.

ఇప్పుడు అదే నాలుగడుగుల్ల నేను
ఫోన్లకు అద్దం రేకులు అతికిస్త.
పొద్దుగాల షట్టర్ లేపితే
ఇంకోటి వస్తున్నదట అని
ఇప్పటికీ ముందుగాల వార్తే దూరుతది.
మడత పడుతదట, గాజు కాదట, ఏమేమోనట.
అన్నీ ఇంట.
ఇనుకుంటనే నా బొటనవేలు
కౌంటర్ అంచు పొంట
నాలుగు రంధ్రాల కోసం దేవులాడుతది.