ఎడమ మూల

బాదేపల్లిల బరాత్.
డీజే బండి ముందట ఎనక్కి నడుస్త నడుస్త
మోరీ రాయికి మడిమె తట్టింది.
నేను పడ్డందుకు ఎవ్వరేమనలేదు గని
చేతిల లెన్స్ నేలకు తాకినప్పుడు
పెండ్లోళ్లంత ఒక్కసారి "అయ్యో" అన్నరు.

మోకాలు మూడొద్దులకు మానింది.
అద్దం మానలేదు.
జొన్నరొట్టె అంచు పగిలినట్టు
ఒక పక్క నుంచి రెండు వేళ్లంత చీలిక.
రింగు యాభై కాడ పట్టేసింది,
మొండికేసిన దూడ లెక్క
ముందుకు పోదు, ఎనక్కి రాదు.

పాలమూరు గడియారం చౌరస్తా, మెట్ల కింది దుకాణం.
మక్బూల్ భాయ్ లెన్స్‌ను చెవి కాడ పెట్టి ఊపిండు,
కొబ్బరికాయల నీళ్లున్నయా అని చూసినట్టు.
"లోపల ఒక పురి ఊడింది.
ముందటి అద్దం పాత లెన్స్‌లకెల్లి తీసి ఏస్త.
ఆరు వేల ఐదు నూర్లు.
గ్యారంటీ మాత్రం అడుగకు."
అర తెరిచి ఇంకోటి చూపిండు:
"కర్నూలాయన అమ్ముకపోయిండు. ఇరవై రెండు."
కొత్తదాని ధర నేను అడగలేదు,
ఆయన చెప్పలేదు.

ఇంటికాడ కరెంటు బిల్లు ఎనక పక్క
సువార్త లెక్క గట్టింది.
మాఘంల నాలుగు పెండ్లిళ్లు,
బయానా ముట్టినయి రెండు,
చిట్టి ఇంకా ఐదు నెలలు.
"ఒక్క చెప్పును మూడుసార్లు కుట్టిస్తవు,
దీన్ని గూడ కుట్టియ్యి" అన్నది.
రొట్టె తిరగేసి మళ్లా తనే:
"చెప్పు తెగితే ఎవ్వల పెండ్లి ఖరాబ్ గాదు గని…"

ఆ మాట అట్లనే ఉండంగ
వెల్దండ జంగమ్మ వచ్చింది స్టూడియోకు.
"మా కుర్మయ్య ఫోటో ఉంటదా బిడ్డా?
దినాలకు ఫ్రేము గట్టియ్యాలె.
ఆధార్ కార్డుల ఉన్నోడు ఆయన లెక్క లేడు."

డప్పు కుర్మయ్య.
నేను పోయిన పెండ్లిళ్లకు నాకన్న ముందుగాల వచ్చెటోడు.
హార్డ్ డిస్క్ తిప్పితే పదకొండు పెండ్లిళ్లల దొరికిండు.
పదకొండిట్ల
గ్రూపు ఫోటోకు ఎడమ కొసన.
రమ్మంటే వచ్చి నిలబడ్డడు గని
నడుమకు రమ్మన్నదెవరు?

పెండ్లికొడుకు ముక్కు మీది చెమట చుక్కలు లెక్కబెట్టొచ్చు.
కుర్మయ్య మొఖం
తడి చెయ్యితోని తుడిచిన పలక.
పెద్దగ చేసిన. ఇంకింత పెద్దగ.
జంగమ్మ వేలు స్క్రీన్ మీద ఆగింది.
"రుమాలైతే ఆయనదే" అన్నది.

తేదీలు చూసిన.
బరాత్ మొన్నటిది, ఇవి రెండేండ్ల కిందటివి.
అంటే మోరీ రాయిది గాదు తప్పు.
నేను కొన్ననాటి నుంచే ఆ పక్క చూపు మందం.
పైసలిచ్చెటోళ్లు నడుమ నిలబడతరు,
ఆ మూలను పెద్దగ జేసి నేనెన్నడు చూసిన గనక!

మక్బూల్‌కు ఫోన్ కొట్టిన.
"అద్దం మారిస్తే ఎడమ పక్క సక్కగైతదా?"
"గాదు. అది లోపలి అద్దం ఒరుగుడు, పుట్టుకతోనిది.
అంత ఇప్పి మళ్లా కూసోబెట్టాలె.
ఇంకో రెండు వేలు. అయితదో కాదో చెప్ప."
"మరి కర్నూలు దానికి మూలలెట్లున్నయి?"
నవ్విండు.
"ఇరవై ఏండ్లల మూల సంగతి అడిగినోనివి నువ్వే."

రేపు మొదటి బస్సుకు పోత.
సంచిల పాత పేపరు పెట్టుకున్న.
ఆయన షట్టరుకు అంటించి, తీసి,
నాలుగు మూలల అక్షరాలు సదివినంక
కొనుడో కుట్టిచ్చుడో అప్పుడు తేలుతది.
అప్పు ఎవరిస్తరో గూడ.

పోయెటప్పుడు జంగమ్మను ఆపిన.
"నీదొకటి తీస్త, పైసలొద్దు.
తెర ముందట నిలబడు."
కొంగు సర్దుకున్నది.
ఖాళీ తెర, ఇంకెవ్వరు లేరు.
పోయి
ఎడమ కొసన నిలబడ్డది.