నాలుగూ ఎనిమిదీ

బరంపురంలో, అంకులి షెడ్డులో
గడ్డీ పాత పేపర్లూ చుట్టుకుని
అద్దాలు సైకిలెక్కి వెళ్లే రోజుల్లో
నా చెవే నాకు కొలబద్ద.

కిరసనాయిల్లో ముంచిన చక్రం
గాజు మీద నడిచేటప్పుడు
పట్టుగుడ్డ చింపినట్టు సన్నగా పలికితే
గీత పడినట్టు.
గరగరమంటే చెడినట్టు.
ఆపైన బల్ల అంచుకి ఆనించి ఒక్క నొక్కు:
టక్.
ఆ టక్కు తినే ముప్పై ఏళ్లు బతికాం.

నా వేళ్ల మీద గాట్లు చూసి
మా ఆవిడ సంవత్సరాలు చెప్పేది.
ఇది ఠాకురాణి జాతర నాటిది,
ఇది చిన్నాడి పురిటి నాటిది,
ఈ పొడుగుది తుఫాను నాటిది.

తుఫాను నాడు
గోపాలపురం వైపు నుంచి గాలి వచ్చి
ఊరి కిటికీలన్నీ ఒక్క రాత్రిలో దింపేసింది.
తెల్లారి వీధుల్లో చీపుళ్ల కింద గాజు గలగలమంటుంటే
తలుపు తియ్యబుద్ధి కాలేదు నాకు.
సగం నా చేతి గీతలే.
ఆ నెలంతా మళ్లీ
అన్నానికి కూర్చునే తీరిక లేదు.
ఒకరి నష్టం, మా గిరాకీ.
పొట్నూరు సుభాషిణమ్మ ఆ మాట
నోటితో అనలేదు.
గాజులు కుదువ పెట్టి, బ్యాంకులో చేయి చాచి
కొలిమి తెచ్చింది.

కొలిమి అంటే ఊదుడు తిత్తి కాదు,
షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఇనప ఏనుగు.
అద్దం పచ్చిగా లోపలికి పోతుంది,
ఆరువందల పైచిలుకు డిగ్రీల్లో
ఇక కరుగుతాననేలోగా బయటికొచ్చి
రెండు చెంపలా చలిగాలి దెబ్బ తింటుంది.
పైపొర బిగుసుకుంటుంది,
లోపలిది ఇంకా చల్లారదు,
ఆ ఈడ్పులాట ఇక జన్మంతా ఉంటుంది.
"అదే దాని బలం, మవుసా" అంది ఇతిశ్రీ,
కంప్యూటరు ముందు కూచునే పిల్ల.

ఆ పిల్ల వేలు కదిపితే
చక్రం తనంతట తనే పరిగెత్తుతుంది.
పాట ఉందో లేదో, ఫ్యాన్ల హోరులో నాకందదు.
నెత్తురు లేదు. అది మంచిదే.
కొలిమి దాటినదాన్ని మాత్రం
కొయ్యకూడదు, చిల్లు పొడవకూడదు,
కాస్త తగ్గమ్మా అని బతిమాలకూడదు.
తుక్కు ముక్క మీద దొంగతనంగా ఓసారి గీసి చూశాను.
పటికబెల్లం బస్తా తెగినట్టు
కాళ్ల చుట్టూ రాలింది.

ఇతిశ్రీ సెలవు పెట్టిన రోజు
ఛత్రపురం ఆసామి చీటీ వచ్చింది.
వెడల్పు ఒడియాలో, ఎత్తు ఇంగ్లీషులో.
ఒడియా నాలుగు, ఇంగ్లీషు ఎనిమిది
చూపుకి కవలపిల్లలు.
ఈ ఊళ్లో పుట్టి, ఈ నీళ్లు తాగి,
అరవయ్యో ఏట పొరబడ్డాను.

నాలుగడుగుల కిటికీకి
ఎనిమిదడుగుల అద్దం వెళ్లి
నలుగురు మోస్తే తిరిగొచ్చింది.
పాత చక్రం చేతపట్టుకుని
దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో.
వెనకటి రోజులైతే ఒక్క టక్కుతో పోయే తప్పు.

సుభాషిణమ్మ ధర ఎత్తలేదు.
మేస్త్రీని పిలిచి పడమటి గోడ చూపించింది.
"ఇన్నాళ్లూ గోడని కొలిచి అద్దం కోశాం కదా,
ఈ ఒక్కసారికి
అద్దాన్ని కొలిచి గోడ కొట్టు."

ఇప్పుడు మేం అన్నాలు తినే చోట
ఎనిమిదడుగుల ఎండ.
ఇతిశ్రీ పఖాళ గిన్నె పక్కన పెట్టి
నేల మీది గాజు దుమ్ములో పుల్లతో రాసి చూపిస్తుంది.
"నాలుగు పైన నోరు తెరిచి ఉంటుంది మవుసా,
ఎనిమిది మూసుకుని ఉంటుంది."
దిద్దుతాను. నవ్వుతుంది. మళ్లీ దిద్దుతాను.

అందరూ లేచి వెళ్లాక
ఆ అద్దానికి చెవి ఆనిస్తాను,
లోపలి ఈడ్పులాట వినపడుతుందేమోనని.
చల్లగా ఉంటుంది, అంతే.