ప్రస్తుత వినియోగం

ఫారంలో ఏడో గడి: ప్రస్తుత వినియోగం.
రెండంగుళాల జాగా.
టేపు రెండో కొస పట్టుకున్న కుర్రాడు
"ఖాళీ భవనం అని రాసెయ్యండి సార్,
ఎండెక్కిపోతోంది" అంటున్నాడు.

కోటవీధి దిగి, చేపల వాసన మొదలయ్యే మలుపులో
మంగుళూరు పెంకుల బడి.
పొడవు అరవైరెండు అడుగులు, వెడల్పు ఇరవైనాలుగు,
గోడ మందం మోచేతి నుంచి వేలికొస దాకా.
సున్నం, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి కట్టారట.
నాకితే ఇప్పటికీ తియ్యగా ఉంటుందని
చిన్నప్పుడు మాలో ఒకడు పందెం కాసి నాకాడు.
ఉప్పగా ఉంది.
సముద్రం అప్పటికే లోపలికొచ్చేసింది.

పడమటి గోడ మీద నల్ల చతురం.
బల్ల కాదు. కొబ్బరిచిప్పల మసి, గుడ్డుసొన
గోడకే రుద్ది రుద్ది చేసిన నలుపు.
ఎన్ని పూతలు వెల్ల వేసినా
వానాకాలానికి మళ్ళీ పైకి తేలుతుంది.

మొదట దాని మీద ఎక్కాలు.
జోగినాథం మేష్టారు పదమూడో ఎక్కం మధ్యలో
ఎప్పుడూ ఒకచోటే దగ్గేవారట.
పిల్లలు అప్పజెప్పేటప్పుడు
అక్కడికి రాగానే వాళ్ళూ దగ్గేవారట.

రేవు మీద బాంబులు పడ్డ మర్నాడు
ఊరంతా బళ్ళు కట్టుకుని ఎటెటో పోతే
గంట ఒక్కటీ దూలానికి ఉండిపోయింది.
ఆ ఎండల్లోనే రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు
బొబ్బల కాళ్ళు ఇక్కడ చాపుకున్నారు.
ఎక్కాల మీద పేర్లు పడ్డాయి.
చేరినవాళ్ళు ఒక వైపు,
ఇంకా దారిలో ఉన్నవాళ్ళు ఒక వైపు.
దారిలో ఉన్నవాళ్ళను తుడవడానికి
ఎవరికీ చెయ్యి రాలేదు.
చెమ్మే తుడిచింది.

తర్వాత బియ్యం డిపో.
"పంచదార లేదు" –
ఆ రెండు మాటలూ ఏళ్ళ తరబడి గోడ మీదే.
మా అమ్మ చదువు నేర్చుకున్నది ఇక్కడే,
ఇది బడిగా ఉన్నప్పుడు కాదు,
డిపోగా ఉన్నప్పుడు,
కార్డు పట్టుకుని, చంకలో నన్నెత్తుకుని, వరసలో నిలబడి.
"లేదు" ముందు వచ్చింది ఆవిడకి. రెండే అక్షరాలు కదా.
"పంచదార"కి ఇంకో ఏడాది పట్టింది.
చివరిదాకా ఆవిడ రాత
డిపో గుమాస్తా రాతలాగే ఉండేది,
కొమ్ములు పొడుగ్గా, కిందకి జారిపోతూ.

ఆ పైన వలలు.
గరికిన కొర్లయ్య లీజుకి తీసుకుని
కిటికీల దాకా నైలాను గుట్టలు పోశాడు.
నల్లగోడ మీద అప్పుల గీతలు, అయిదేసి కట్టలు.
అయిదేళ్ళకోసారి వలలు బయటికి పోయి
ఓట్ల పెట్టె లోపలికొచ్చేది.
ఆ ఏడు మా వార్డు సిరా చుక్కలన్నీ
వంజరం వాసనే.

పెనుగాలి వచ్చిన అక్టోబరు రాత్రి
నూటముప్పై మంది, రెండు మేకలు, ఒక కుట్టుమిషను.
పెంకులు లేచిపోయాయి. దూలాలు కదల్లేదు.
గంట తెల్లార్లూ దానంతటదే మోగింది.
బడికి రావలసినవాళ్ళెవరూ లేరు,
అందరూ బడిలోనే ఉన్నారు.

రోగమొచ్చిన ఏడు టీకా టోకెన్లు.
అరవైనాలుగు దగ్గర ఆగిపోయింది అంకె.
మందు అయిపోయి.

"ఇప్పుడిందులో ఏటీ నేదు బాబూ,
రాత్తిరి నాను తొంగుంటాను, అంతే"
అంటాడు కాపలా సన్నిబాబు.
మూలన చుట్టిన చాప, స్టవ్వు, ఒక జత చెప్పులు.
నల్లగోడ మీద సుద్దతో పది అంకెలు,
పిల్లాడి రాతంత పెద్దవి.
"ఎవరి నంబరది?"
"నాదే బాబూ. ఎవులైనా అడిగితే మర్సిపోతన్నాను."

పైనుంచి ఫోను. ఫారం సాయంత్రానికి కావాలట.
కూలగొట్టేందుకో, రంగులేసేందుకో
నాకు చెప్పరు, నేనడగను.
పొడవు రాశాను. వెడల్పు రాశాను.
ఏడో గడి దగ్గర పెన్ను ఆగి, కదిలింది,
కొమ్ము పొడుగ్గా, కిందకి జారిపోతూ:

ఖాళీ లేదు.

కుర్రాడు అటు కొస వదిలేశాడు.
టేపు గదంతా ఈడ్చుకుంటూ వచ్చి
నా చేతిలో చుట్టుకుంది.